బీమా సర్వేయర్ కంపెనీ మనిషేనా?

ఫీజు ఇచ్చి పంపేది బీమా కంపెనీయే కాబట్టి, నష్టాన్ని అంచనా వేసే సర్వేయర్ దాన్ని తగ్గించి రాయడానికే వస్తాడా, ఆయన రాసిందే వేదమా అని మీరు అడిగారు. కాదనే నా సమాధానం. మాకు పరిహారం తగ్గిన మాట నిజమే కానీ, దాన్ని తగ్గించింది ఆయన కాదు.

2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మా బట్టల దుకాణంలో రోజుల తరబడి నీరు నిలిచింది. నీరు తీశాక, అగ్నిమాపక యంత్రాలు వీధిలో బురద కడుగుతుండగా, కంపు భరించలేక తడిసిన చీరల మూటలన్నీ మున్సిపాలిటీ ట్రాక్టరులో పడేద్దామని మా తమ్ముడు తొందరపడ్డాడు. సర్వేయర్ చూసేదాకా ఒక్క మూట కూడా కదలకూడదని నేను పట్టుబట్టాను. ఆ రోజు నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

ఆయన వచ్చీ రాగానే మూటల జోలికి పోలేదు. గోడ మీద బురద చార దగ్గర టేపు పెట్టి, నాలుగడుగుల రెండంగుళాలని రాసుకున్నారు. తరువాత ఆ చారకు పైనున్న అరలోంచి ఒక చీర తీసి, మడత విప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇది తడవలేదండీ, తేమ వాసన పట్టింది, అంతే. పూర్తి నష్టమని రాయలేను" అన్నారు. నాకు ఒళ్లు మండింది కానీ, చీర నిజంగానే పొడిగా ఉంది.

చివరకు నష్టం 8,40,000 రూపాయలుగా తేలింది. తడిసిన సరుకు అమ్మితే వచ్చే 40,000 తీసేస్తే 8 లక్షలు మిగిలింది. అసలు దెబ్బ అక్కడ తగిలింది. దుకాణంలో సరుకు 24 లక్షలు కాగా పాలసీ 15 లక్షలకే ఉన్నందున, ఆ 8 లక్షల్లోనూ అదే నిష్పత్తిలో 5 లక్షలే లెక్కకు వచ్చింది. అందులోనూ పాలసీ మినహాయింపు, అంటే పాలసీ ప్రకారం మేమే భరించాల్సిన భాగం, పోయింది. ఆ 24 లక్షల అంకె ఆయన కల్పించింది కాదు, మాకు అప్పిచ్చిన బ్యాంకుకు సరుకు లెక్క చూపుతూ ప్రతి నెలా మేము సంతకం పెట్టి ఇచ్చిన స్టాక్ స్టేట్‌మెంట్‌లోది. పాలసీ చేయించింది కూడా ఆ బ్యాంకే. అప్పు 15 లక్షలు కాబట్టి బీమా కూడా 15 లక్షలకే చేయించి, అసలు కాగితం తమ దగ్గరే ఉంచుకుంది. మన ఊళ్లలో అప్పుతో ముడిపడిన పాలసీలన్నీ ఇంతేనని నా గట్టి నమ్మకం. అప్పు ఇచ్చినవాడి భద్రతే తప్ప దుకాణదారుడి నష్టం ఎవరికీ పట్టదు.

సర్వేయర్ నివేదికతో మీరు ఏకీభవించకపోతే దాని నకలు అడగండి, బిల్లులు, ఫొటోలు జతచేసి రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పండి. సర్వేయర్ నివేదిక తిరుగులేని తుది మాట కాదని సుప్రీంకోర్టు 2009లోనే చెప్పింది. అప్పటికీ తేలకపోతే బీమా ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్ ఉన్నారు, వినియోగదారుల కమిషన్ ఉంది. మేము మాత్రం వెళ్లలేదు, ఆయన లెక్కలో మాకు తప్పు కనిపించలేదు.

ఈ ఏడాది పాలసీ మొత్తాన్ని 26 లక్షలకు పెంచమని బ్యాంకులో అర్జీ ఇస్తే, కౌంటరులోని అబ్బాయి దాన్ని రెండుసార్లు చదివి, "అప్పు పెరగలేదు కదండీ, బీమా ఎందుకు పెంచడం?" అని అడిగాడు.