ఏజెంట్లు గొడవపడ్డాయా, గొడవపడ్డారా?

సందేహం: ఆఫీసుల్లో మనుషుల తీరు తెలుసుకోవడానికి కంప్యూటర్‌లో ఏజెంట్లను (మనుషుల్లా నడుచుకునే ప్రోగ్రాములను) తయారుచేసి, ఒక్కోదానికి ఒక్కో స్వభావం ఇచ్చి పరీక్షిస్తున్నాను. తెలుగు వ్యాసంలో ‘ఏజెంట్లు గొడవపడ్డాయి’ అని రాస్తే మా సార్ ‘పడ్డారు’ అని దిద్దారు. ఏది సరి? – పరిశోధక విద్యార్థిని, తిరుపతి

సమాధానం: మీరు రాసిందే సరి. అయితే మీ సార్ దిద్దడానికీ కారణం లేకపోలేదు.

ఏకవచనంలో ఈ చిక్కే రాదు. ‘బస్సు వస్తా ఉండాది’ అన్నా, ‘ఆయమ్మ వస్తా ఉండాది’ అన్నా మన చిత్తూరు వైపు క్రియ ఒకటే. అందుకే ‘ఏజెంటు అలిగింది’ అంటే ఎవరూ తప్పు పట్టరు. బహువచనంలో మాత్రం ఆడవాళ్లు మగవాళ్లతో చేరి ‘వచ్చారు’ అవుతారు, బస్సులు ‘వచ్చాయి’ దగ్గరే ఆగిపోతాయి. అక్కడ ఏదో ఒక పక్క తేల్చుకోక తప్పదు.

అవి మనుషుల్లాగే మాట్లాడతాయి కదా, మహద్వాచకాలు (మనుషులను చెప్పే మాటలు) చేస్తే ఏం అనొచ్చు. మాట్లాడినంత మాత్రాన తెలుగు ఆ హోదా ఇవ్వదు. కథల్లో నక్కలు ఎంత మాట్లాడినా ‘కుట్ర పన్నాయి’ అనే అంటాం. అదే కరటకుడు, దమనకుడు అని పేర్లు పెట్టామా, ‘పన్నారు’ అయిపోతుంది. చిన్నయసూరి ‘మిత్రభేదం’ చదివినవారికి వీళ్లు తెలుసు. సింహం కొలువులో పలుకుబడి కోసం ఎద్దుకు ఎసరు పెట్టిన ఘనులు. అదీ ఆఫీసు రాజకీయమే!

2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 25 ఏజెంట్లను ఒక కల్పిత ఊళ్లో ఉంచి, ఒకదానికి వాలెంటైన్స్ డే పార్టీ పెట్టాలన్న ఆలోచన ఇచ్చారు. ఆ కబురు ఒకదాని నుంచి ఒకదానికి పాకింది. వాటికి మనుషుల పేర్లున్నాయి కాబట్టి ఆ ముచ్చట కథలా చెప్పేటప్పుడు ‘పిలుచుకున్నారు, వెళ్లారు’ అన్నా చెల్లుతుంది.

పరిశోధన ఫలితాల్లో మాత్రం వద్దు. మీ ఏజెంటుకు కలివిడితనం అంటే ఒక అంకె, ఆందోళన ఇంకో అంకె. ఓర్పు ఫలానా అంకె కంటే తగ్గితే ఎదురు మాట్లాడాలని నియమం పెట్టిందీ మీరే. ‘ఏజెంట్లు పని ఎగ్గొట్టాయి’ అంటే ఇది కంప్యూటర్‌లో జరిగిందని క్రియే చెప్పేస్తుంది. ‘ఎగ్గొట్టారు’ అంటే ఏ ఆఫీసులో అని అడుగుతారు. పైగా తిరుపతిలో ఏజెంటు అనగానే బీమా ఆయనో, గది ఇప్పిస్తానని బస్టాండులో వెంటపడే ఆయనో గుర్తొస్తాడు. కనీసం మొదటిసారి ‘కంప్యూటర్ ఏజెంట్లు’ అని రాయండి.

ఇంకో జాగ్రత్త. జరగలేదని చెప్పే వాక్యాల్లో ఈ తేడా నిలవదు. ‘ఉద్యోగులు సర్దుకోలేదు’, ‘ఏజెంట్లు సర్దుకోలేదు’ – రెండింటికీ క్రియ ఒకటే. అలాంటి చోట కర్తను వదిలేయకుండా రాయండి.