ఇంజను ఖరీదు చెప్పబోతున్న మేనకోడలికి

నర్సాపురం

చిట్టితల్లీ,

ఇంకా డ్రాయింగుల్లోనే ఉన్న విమానం ఇంజను ఒక్కోటీ ఎంతకి తయారవుతుందో నువ్వే తేల్చాలట గదా! మీ అమ్మ ఫోన్లో చెప్పగానే అరుగు మీద కూర్చున్నవాళ్లందరికీ చాటేశాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

థ్రస్టు (ముందుకి తోసే బలం), బరువు, టర్బైన్ వేడి పట్టుకుని పాత ఇంజన్లతో పోల్చడం నీకు నేను నేర్పక్కర్లేదు. రెక్కల్ని మోసే డిస్కుల దగ్గర మాత్రం బిగించే బరువు కాదు, కొనే బరువు చూడు. ఫోర్జింగులో, అంటే సాగగొట్టిన లోహపు దిమ్మెలో, చాలా భాగం చెక్కేశాక తుక్కులోకే పోతుంది.

ఇక నా తప్పు విను. చేసేకొద్దీ చెయ్యి తిరిగి ఒక్కోదానికి పట్టే గంటలు తగ్గుతాయని చూపించే లెర్నింగ్ కర్వు, 1936లో టి.పి. రైట్ అనే విమానాల ఇంజనీరు రాసిన దగ్గర్నుంచీ అందరూ వాడేదే. 80 శాతం కర్వంటే ఇంజన్ల లెక్క రెట్టింపైనప్పుడల్లా గంటలు 80 శాతానికి దిగుతాయి: మొదటి ఇంజనుకి 100 గంటలు పడితే రెండోదానికి 80, నాలుగోదానికి 64. నేను 200 ఇంజన్లు ఆగకుండా వస్తాయనుకుని ఆ గీతని కిందిదాకా లాగేశాను. వచ్చిన ఆర్డరు 40. తర్వాత రెండేళ్లు లైను ఖాళీ. మళ్లీ మొదలెట్టేసరికి చెయ్యి తిరిగిన వెల్డర్లు రిటైరైపోయారు, గంటలు ఇంచుమించు మొదటికొచ్చాయి. మీటింగులో నా సంతకమున్న కాగితం ఎత్తి చూపించారు. అది అంచనాయే మొర్రో అన్నా వినేదెవరు?

నువ్వు పుట్టిన ఏడు మీ అమ్మమ్మ నిన్ను ఒళ్లోంచి దించలేదు, లేసు అల్లిక పక్కన పెట్టేసింది. మళ్లీ సూది పట్టిన రోజు, కళ్లు మూసుకుని అల్లే మనిషి, ఒక్క పువ్వుని మూడుసార్లు విప్పింది. పక్కన కూర్చుని నవ్వాను. మన లైనే గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. మీటింగులో ఎవరూ ఇంత బాగా చెప్పలేదే!

ధర పక్కనే, ఎన్ని ఇంజన్లకి, ఏడాదికెన్ని, మధ్యలో ఆగితే ఎంత పెరుగుతుంది, అన్నీ రాయి. వెనక పేజీలో రాస్తే ఎవడూ తిప్పడు. ఒక్క అంకె చెప్పమంటారు. ఇంత నుంచి ఇంత అనే చెప్పు. లాక్‌హీడ్‌కి ముందే ధర ఒప్పేసుకున్న ఆర్‌బి211 ఇంజను ఖర్చు పెరిగిపోయి, 1971 ఫిబ్రవరిలో రోల్స్ రాయిస్ అంతటిది దివాలా తీసింది. పెద్దవాళ్లు గట్టిగా అడిగితే తలూపేసే రకానివి నువ్వు. చిన్నప్పుడు కాకరకాయ కూర కూడా అలాగే తినేసేదానివి, పిచ్చిపిల్ల!

సంతకం పెట్టేముందు ఒక్కసారి ఫోన్ చెయ్యి, ఎంత రాత్రైనా సరే. మీ అత్తయ్యకి మాత్రం చెప్పకు, బీపీ మాత్ర వేసుకున్నావా అని నన్ను పట్టుకుంటుంది.

మీ మావయ్య