కుట్ల నొప్పి, తల్లి పాలు

ప్రశ్న: మా అమ్మాయికి సిజేరియన్ అయి పది రోజులైంది. కుట్ల నొప్పితో లేచి కూర్చోలేకపోతోంది. నొప్పి మాత్రలు వేసుకుంటే మందు పాలలోకి దిగుతుందని మా వియ్యపురాలు మానిపించారు. పాలు చాలడం లేదని డబ్బా పాలు మొదలుపెట్టాం. మేం చేస్తున్నది సరైనదేనా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: మీ వియ్యపురాలి భయం బిడ్డ మీద ప్రేమతో పుట్టినదే గాని, మాత్రలు మానిపించడం వల్ల పాలకే నష్టం జరుగుతోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ ప్రసవాల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లే కనుక, ఈ సందేహం మీ ఒక్క ఇంటిది కాదు.

బెదిరిన ఆవు చేపదని పాడి ఉన్నవారికి తెలుసు. మనుషుల్లోనూ అంతే. బిడ్డ చీకినప్పుడు ఆక్సిటోసిన్ అనే హార్మోను విడుదలై పాలు చేపుకు వస్తాయి. తీవ్రమైన నొప్పి, ఆందోళన ఆ హార్మోనును అణచివేస్తాయి. దానికి తోడు, నొప్పికి భయపడి తల్లి బిడ్డను దగ్గరికి తీసుకోవడం తగ్గిస్తే రొమ్ము ఖాళీ కాదు, ఖాళీ కాని రొమ్ములో పాల ఉత్పత్తి తగ్గుతుంది. సిజేరియన్ తరువాత పాలు పడటం మామూలుగానే కొంత ఆలస్యం కావచ్చు. నొప్పిని ఓర్చుకోవడం ఆ ఆలస్యాన్ని పెంచుతుంది.

పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ పాలలోకి వెళ్ళేది అత్యల్పం. జ్వరం వచ్చిన పసివాడికి డాక్టర్లు నేరుగా పట్టించే పారాసిటమాల్‌తో పోలిస్తే అది చాలా తక్కువ. అయితే కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, ఉబ్బసం ఉన్నవారు ఐబుప్రొఫెన్ గురించి డాక్టరును అడిగి తీరాలి. ట్రామడాల్, కోడీన్ సంగతి వేరు: పాలిచ్చే తల్లులు వాటిని వాడవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించింది. కనుక చీటీలో ఏ మందు రాశారో చూడండి. నొప్పి ముదిరాక వేసుకోవడం కన్నా, డాక్టరు చెప్పిన వేళకు వేసుకోవడమే మేలు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మరొకటి. పదో రోజుకు నొప్పి ఉండవచ్చు, కాని రోజురోజుకూ తగ్గుతూ రావాలి. తగ్గకపోయినా, కుట్లు ఎర్రబడినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా ఆపరేషన్ చేసిన డాక్టరుకు ఆలస్యం చేయకుండా చూపించాలి. పిక్క వాచి నొప్పి పుట్టినా, ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఈ జవాబు అచ్చయ్యేలోపే మీరు ఆమెను చూపించి ఉంటారని ఆశిస్తున్నాను.

పాలిచ్చేటప్పుడు బిడ్డ బరువు కుట్ల మీద పడకుండా, పక్కకు తిరిగి పడుకుని గాని, బిడ్డ కాళ్ళు తల్లి చంక కింద నుంచి వెనక్కి ఉండేలా దిండు మీద పెట్టుకుని గాని ఇవ్వవచ్చు. లేవవలసినప్పుడు నేరుగా నడుం ఎత్తకుండా, ముందు పక్కకు ఒత్తిగిలి, చేతి ఆసరాతో లేవమనండి. దగ్గు, తుమ్ము వస్తే చిన్న దిండును కుట్ల మీద అదిమి పట్టుకుంటే నొప్పి తగ్గుతుంది.

డబ్బా పాలను ఒక్కసారిగా ఆపేయకండి. ముందు బిడ్డ బరువు తూయించండి. రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోస్తూ, బరువు పెరుగుతూ ఉంటే, పిల్లల డాక్టరు సలహాతో డబ్బా పాలను మెల్లగా తగ్గించవచ్చు. ప్రతిసారీ ముందు రొమ్మే పట్టించాలి. పత్యం పేరిట మంచినీళ్ళు తగ్గించి ఉంటే, ఆ నియమాన్ని మాత్రం ఈ రోజే మానిపించండి.