ఆముదం గింజలు ఇంట్లో ఉంటే కేసు అవుతుందా?

సామూహిక విధ్వంసక ఆయుధాలు దగ్గర పెట్టుకుంటే మన దేశంలో శిక్ష ఏమిటి, ఆముదం గింజల్లో ఉండే రిసిన్ అనే విషం కూడా ఆ లెక్కలోకే వస్తుందా అని అడిగారు.

2005లో వచ్చిన సామూహిక విధ్వంసక ఆయుధాల చట్టం ప్రకారం అణు, రసాయన, జీవాయుధాలు అక్రమంగా తయారుచేసినా, దగ్గర ఉంచుకున్నా తక్కువలో తక్కువ ఐదేళ్లు జైలు. యావజ్జీవం దాకా పడొచ్చు, పైన జరిమానా. 2022 సవరణతో అలాంటి పనికి డబ్బు సమకూర్చడమూ నేరమైంది. రిసిన్ అయితే రసాయనాయుధాల నిషేధ ఒప్పందంలో సారిన్, మస్టర్డ్ గ్యాస్‌తో పాటు 1వ షెడ్యూల్‌లోనే, అంటే అన్నిటికంటే కఠినమైన ఆంక్షలున్న జాబితాలోనే ఉంది.

ఇక గింజల సంగతి. మాది పాలమూరు వైపు ఆముదాలు పండించే ఇల్లు. నా చిన్నప్పుడు నాన్న చేనుకు వేద్దామని ఆముదం పిండి, అంటే గింజల్లోంచి నూనె తీశాక మిగిలే చెక్క, బస్తాలుగా తెచ్చి వసారాలో దించాడు. ఒకదాని మూతి కుట్టు ఊడి, పక్కింటి పెద్దమ్మ మేక అందులో మూతి పెట్టి కడుపు నిండా తినేసింది. తెల్లారేసరికి నెత్తురుతో పారుకుని, లేవలేక, మెడ నేలకు వాల్చేసింది. పొద్దుగూకక ముందే చచ్చిపోయింది. "తమ్మీ, నా మేకకు మందు పెట్టినవు గదా" అంటూ పెద్దమ్మ మా వాకిట్లో కూర్చుని ఏడ్చింది. పెద్దమనుషులు వచ్చి బస్తా చూశారు, చేను ఎన్ని ఎకరాలో, పిండి ఎంత తెచ్చాడో అడిగారు. చేనుకే తెచ్చాడని తేల్చి, మూతి సరిగ్గా కట్టనందుకు మేక ఖరీదులో సగం ఇప్పించారు.

చట్టం చూసేదీ అదే: దేనికోసం, ఎంత. సేద్యానికో, పరిశ్రమకో, వైద్యానికో, పరిశోధనకో తగినంత ఉంటే అది ఆయుధం కాదు. మనుషుల్ని చంపడానికి అందులోంచి విషం తీయాలని చూస్తే మాత్రం ఆ ప్రయత్నానికే అదే శిక్ష. ఉద్దేశం కోర్టులో రుజువు కాదని కొందరంటారు, నేను ఒప్పుకోను. మా ఊరి పెద్దమనుషులు ఒక్క పూటలో తేల్చింది కోర్టుకు తేలదా?

నా బాధంతా బస్తాల మీద. ఇప్పటికీ నేను కొనే ఆముదం పిండి మీద నత్రజని శాతం అచ్చేస్తారు కానీ, పశువులు తింటే చస్తాయన్న ముక్క ఉండదు. మిద్దె తోటల వాళ్లు కిలో ప్యాకెట్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటున్నారు, కుక్కలు దాన్ని ఇష్టంగా తింటాయి. పోలీసులకు భయపడే ముందు ఆ ప్యాకెట్ మూతి గట్టిగా కట్టి అటక మీద పెట్టండి. ఆముదం నూనెకు భయం లేదు, విషం పిండిలోనే మిగిలిపోతుంది.