లారీ ఆపేసి ఎక్స్‌ట్రా డబ్బులు గుంజారు, తిరిగొస్తాయా?

ప్రశ్న: మేం నాలుగు నెలల క్రితం గుర్గావ్ నుంచి హైదరాబాద్ కొండాపూర్‌కి షిఫ్ట్ అయ్యాం. మాకు రెండేళ్ల బాబు. ప్యాకర్స్ వాళ్లతో 38,000కి మాట్లాడుకున్నాం, సామాను విలువ 2 లక్షలు అని రాసుకుని ఇన్సూరెన్స్ అని ఇంకో 6,000 తీసుకున్నారు. తీరా లారీ ఊళ్లోకి వచ్చాక మరో 16,000 ఇస్తేనే దింపుతాం అని రెండు రోజులు ఎక్కడో ఆపేశారు. బాబు పరుపు, బట్టలు, బొమ్మలు అన్నీ అందులోనే, కొత్త ఇల్లు, వాడు రాత్రంతా ఒకటే ఏడుపు. ఇక చేసేది లేక కట్టేశాం. ఫ్రిజ్‌కి సొట్ట, వాషింగ్ మెషీన్ ఆన్ అవ్వట్లేదు, ఒక అట్టపెట్టె అసలు రాలేదు. అడిగితే బిల్లు వెనక "ఓనర్స్ రిస్క్" (అంటే సామానుకి ఏమైనా బాధ్యత మాదేనట) అని, కేసులన్నీ ఢిల్లీలోనే అని ఉంది చూస్కోండి అంటున్నారు. మావారేమో పోనీలే వదిలెయ్ అంటున్నారు. ఇంకోటి, ఐదో ఫ్లోర్ బాల్కనీకి నెట్ వేయించుకుంటాం అంటే ఓనర్ గోడలకి చిల్లులు పెట్టొద్దంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: చూడమ్మా, వదిలెయ్యకండి, కాకపోతే ముందు క్యాలెండర్ తీయండి. రోడ్డు రవాణా చట్టం 2007లో 16వ సెక్షన్ అని ఒకటుంది, సామాను పోయినా పాడైనా కేసు వేసే ముందు ట్రాన్స్‌పోర్ట్ వాడికి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, అది కూడా 180 రోజుల్లోపు. ఈ 180 రోజులు సామాను మీ ఇంటికొచ్చిన రోజు నుంచి కాదు, బుక్ చేసిన రోజు నుంచి లెక్క. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు, కస్టమర్ కేర్ వాడు "ప్రాసెస్‌లో ఉంది మేడమ్" అంటూ ఐదారు నెలలు లాగేస్తాడు, తర్వాత మా దగ్గరికొస్తే మేం తలపట్టుకోవాలి. మీకు నాలుగు నెలలు అయిపోయాయి కాబట్టి రెండు నెల్లు కూడా లేవనుకోండి. వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్‌లు ఉన్నాయి కదా అని ఊరుకోకుండా బిల్టీ (లారీ వాళ్లు ఇచ్చే సరుకు రసీదు) నంబరు, బుకింగ్ తేదీ, ఏది పోయింది ఏది పాడైంది, ఎంత నష్టం అన్నీ రాసి వాళ్ల ఆఫీసు అడ్రసుకి స్పీడ్ పోస్ట్ చేయండి, అదే మెయిల్ కూడా కొట్టండి, పోస్టు రసీదు పారేయొద్దు.

ఇప్పుడు ఆ 16,000 సంగతి. ఇది చెప్తుంటే నాకు ఎప్పుడూ సరదాగా ఉంటుంది, ఎందుకంటే మీ కథ 1872లోనే రాసేశారు. కాంట్రాక్ట్ చట్టం 72వ సెక్షన్ ఏమంటుందంటే పొరపాటున గానీ బలవంతం మీద గానీ తీసుకున్న డబ్బు తిరిగి ఇచ్చేయాలి అని, దాని కిందే ఒక ఉదాహరణ ఇచ్చారు, రైల్వే కంపెనీ ఒకడి సరుకు పట్టుకుని అక్రమంగా ఎక్కువ చార్జీ కడితేనే ఇస్తాం అంటుంది, వాడు సరుకు కోసం కట్టేస్తాడు, ఆ ఎక్కువ తీసుకున్నదంతా వెనక్కి రాబట్టుకునే హక్కు వాడికుంది అని. రైలు బదులు లారీ అనుకోండి, అంతే. కాబట్టి "మీరే ఇష్టంగా కట్టారుగా" అని వాళ్లంటే భయపడక్కర్లేదు. అయితే మొదట 38,000కి ఒప్పుకున్న కొటేషన్, రెండు రోజులు లారీ ఆపిన చాటింగ్, ఫోన్‌పే రసీదు, ఈ మూడూ చేతిలో ఉండాలి. ఒక్క మాట, ఆ 38,000లో మీరు ఇంకా బాకీ ఉండి ఉంటే మాత్రం ఆ బాకీ కోసం సామాను ఆపే హక్కు వాళ్లకి కొంత ఉంటుంది, అది కట్టేశారో లేదో చూసుకోండి. లారీ ఆపిన రోజే 112కి ఫోన్ చేసుంటే బాగుండేది, సరుకు అప్పజెప్పించుకున్న ట్రాన్స్‌పోర్టర్ నమ్మకద్రోహం చేస్తే భారతీయ న్యాయ సంహిత 316(3) కింద ఏడేళ్ల దాకా జైలు. స్టేషన్‌లో "ఇది సివిల్ మేటర్ అమ్మా" అనే అవకాశమే ఎక్కువ అనుకోండి, అయినా పోలీసు ఫోన్ వస్తే డ్రైవర్ గొంతు మారిపోతుంది, నేను చూశాను.

"ఓనర్స్ రిస్క్" అని అచ్చేసినంత మాత్రాన వాళ్ల నిర్లక్ష్యానికి మాఫీ లేదు, 2000లో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. పైగా నిర్లక్ష్యం జరిగిందని మీరు నిరూపించాల్సిన పనీ లేదు, బాగున్న సామాను ఎక్కించాం, పాడై దిగింది అని చూపిస్తే చాలు. మెషీన్ రిపేర్ వాడితో ఏం పోయిందో లెటర్‌హెడ్ మీద రాయించుకోండి, బాగు చేయించేముందు ఫోటోలు తీయండి. ఇన్సూరెన్స్ అని 6,000 తీసుకున్నారు కదా, పాలసీ కాపీ ఏదని నోటీసులోనే అడగండి. నా అనుభవంలో సగం కేసుల్లో పాలసీ అనేదే ఉండదు, మీ విషయంలోనూ అంతే అయితే అది విడిగా ఇంకో తప్పు.

ఢిల్లీకి మీరు వెళ్లక్కర్లేదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో 34వ సెక్షన్ ప్రకారం మీరు ఉండే చోటే కేసు వేయొచ్చు, కొండాపూర్ కాబట్టి రంగారెడ్డి జిల్లా వినియోగదారుల కమిషన్. బిల్లు వెనకున్న ఢిల్లీ లైను మామూలుగా దీనికి అడ్డు రాదు. మీరు సర్వీస్‌కి కట్టింది 5 లక్షల లోపే కాబట్టి ఫీజు కూడా లేదు, లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు (నా పొట్ట నేనే కొట్టుకుంటున్నా), ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లో కూర్చునే ఫైల్ చేయొచ్చు, బాబుని వేసుకుని తిరగలేనంటే వీడియోలో విచారణ అడగొచ్చు. గడువు రెండేళ్లు. చట్టంలో మూడు నెలల్లో తేల్చాలని ఉంది గానీ అలా జరుగుతుందని నేను మాటివ్వను, అందుకే నోటీసు పంపాక ముందు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో కంప్లైంట్ పెట్టి చూడండి, కొందరు అక్కడే దిగొచ్చి సెటిల్ చేసుకుంటారు.

బాల్కనీ విషయం. ముందు మీ రెంటల్ అగ్రిమెంట్ చదవండి. అందులో డ్రిల్లింగ్ వద్దు అని స్పష్టంగా రాసుంటే ఓనర్ మాటే చెల్లుతుంది. ఏమీ రాయకపోతే, ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ కింద అద్దెకున్నవాళ్లు ఓనర్ ఒప్పుకోకుండా శాశ్వత కట్టడం కట్టకూడదు, హుక్కులకి కట్టిన నెట్‌ని శాశ్వత కట్టడం అనలేం, వెళ్లేటప్పుడు తీసేసి గోడ ఎలా ఉందో అలా అప్పజెప్తే సరి. అయినా రెండేళ్ల పిల్లాడున్న ఇంట్లో సెక్షన్లు పట్టుకుని ఓనర్‌తో గొడవ మొదలుపెట్టమని నేను చెప్పను. "చిల్లులు పూడ్పించి పెయింట్ వేయిస్తాం, లేకపోతే అడ్వాన్స్‌లో కట్ చేసుకోండి" అని మెసేజ్ పెట్టండి, దానికి చాలామంది ఒప్పుకుంటారు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌ని కూడా అడగండి, బయటికి కనిపించే వాటికి కొన్ని చోట్ల ఒకే రంగు ఒకే డిజైన్ రూల్ ఉంటుంది. రెయిలింగే ఊగుతోందంటే మాత్రం వేరే లెక్క, అది రిపేరు, వెంటనే చేయించమని ఓనర్‌కి రాతపూర్వకంగా చెప్పండి.

నెట్ పడేదాకా ఆ తలుపు పై గడియ తీయకండి, ప్లాస్టిక్ కుర్చీలు, మొక్కల కుండీలు, ఖాళీ అట్టపెట్టెలు బాల్కనీలోంచి లోపలికి తెచ్చేయండి, వాడికి అవే మెట్లు.