మాస్టారి చేతికి పని చెప్పు

చిరంజీవి మేనకోడలికి,

నీ నవల రాతప్రతి అందింది. రెండుసార్లు చదివాను. మేడ మీద అద్దెకుండే నర్సు బాగుంది. తంటా అంతా కథ చెప్పే ఆ లెక్కల మాస్టారితోనే. మొదటి వంద పేజీలూ సీసీ కెమెరాలా గోడకి వేలాడతాడు. ఎవరొచ్చారు, ఎవరెళ్ళారు, అంతే. తీరా నర్సు పోయాక మూడు పేజీలు ఏడుస్తాడు. చావింట్లో కన్నకూతురి కంటే పక్కింటావిడ గొంతే గట్టిగా వినిపిస్తే జనం ఎలా చూస్తారో నీకు తెలుసుగా.

నేనూ ఈ తప్పు చేసినవాణ్ణే. ముప్పయ్యేళ్ళ కిందట ఒక వారపత్రికకి నవల పంపితే, ఎడిటర్ గారు మార్జిన్‌లో ఒకే ముక్క రాసి తిప్పి పంపారు: "కథ చచ్చినవాడిదా, చెప్పేవాడిదా?" వారం రోజులు కోపంతో ఊగిపోయాను. తర్వాత చూసుకుంటే, హీరో నోరు విప్పిన ప్రతిచోటా నా కథకుడి నిట్టూర్పే!

1925లో అమెరికాలో వచ్చిన నవల 'ది గ్రేట్ గాట్స్‌బీ' ఇంకోసారి చదువు. ఈసారి గాట్స్‌బీని వదిలేసి, కథ చెప్పే నిక్‌ని మాత్రమే గమనించు. ఎవరి మీదా తీర్పు చెప్పే అలవాటు లేదన్నట్టు మొదటి పేజీలోనే అంటాడు. పుస్తకం నిండా తీర్పులే. పైగా గాట్స్‌బీనీ, అతని పాత ప్రేయసి, తనకి దూరపు చుట్టమైన డెయిజీనీ టీకి పిలిచి కలిపింది తనింట్లోనే. జరిగినదాంట్లో అతని చెయ్యి కూడా ఉంది. నీ మాస్టారి చెయ్యి ఎందులోనూ లేదు. అందుకే ఆ ఏడుపు అతకలేదు.

గాట్స్‌బీ పోయాక, ఊరు వదిలే ముందు రాత్రి నిక్ ఆ ఖాళీ ఇంటికి వెళ్తాడు. తెల్లటి మెట్ల మీద ఎవడో కుర్రాడు ఇటుక ముక్కతో గీకిన బూతుమాట వెన్నెల్లో స్పష్టంగా కనిపిస్తుంది. నిక్ దాన్ని బూటుతో గరగరా రుద్ది చెరిపేస్తాడు. కన్నీళ్ళ ఊసే లేదు. నాకైతే అక్కడికొచ్చేసరికి ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

అన్నిట్లోనూ తలదూర్చే మనిషిని చూడాలంటే 1847 నాటి ఇంగ్లీషు నవల 'వుదరింగ్ హైట్స్'లో కథ చెప్పే పనిమనిషి నెల్లీ డీన్ ఉంది. ఒకటి రెండైనా ఉంచమని తను పెంచిన పిల్ల బతిమాలుతున్నా వినకుండా దానికొచ్చిన ప్రేమలేఖలు నిప్పుల్లో వేసేస్తుంది. అంతా దాని మంచికేనన్న ధీమా. ఆ ధీమాని మనం నమ్మం చూడు, అదే ఆ పాత్ర గొప్పతనం.

నువ్వు కూడా మాస్టారి చేత మొదట్లోనే ఒక చిన్న పని చేయించు. నర్సుకి వచ్చిన ఉత్తరం పొరపాటున తన చేతికొస్తే, రెండు రోజులు ఆలస్యంగా ఇచ్చాడనుకో. ఎందుకలా చేశాడో అతన్ని చెప్పనివ్వకు. ఇక ఆ ఏడుపు మూడు పేజీలూ కొట్టెయ్. ఆమె చీర ఇంకా దండెం మీదే ఉందని నువ్వే రాశావు కదా, వాన మొదలైతే మాస్టారు వెళ్ళి దాన్ని తీసి మడతపెడతాడు. ఎవరికివ్వాలో తోచక అలా నిలబడతాడు.

ఇంకో మాట. ఇదంతా అతను ఎన్నాళ్ళకి చెబుతున్నాడు? నిక్ రెండేళ్ళ తర్వాత చెబుతాడు. మర్నాడు చెప్పేవాడి గొంతు వేరు, రిటైరయ్యాక చెప్పేవాడి గొంతు వేరు. అది తేల్చుకుంటే నీ టెన్షన్ సగం తగ్గుతుంది.

సంక్రాంతికి వస్తావుగా, ఆ చీర పేజీ రాసి పట్టుకురా. మీ అత్తయ్య అరిసెలకి బియ్యం నానబోసే లోపే చదివేస్తాను.

ఆశీస్సులతో,
మీ మావయ్య