ఆర్‌ఏ ఫ్యాక్టర్ నెగెటివ్ అయితే కీళ్లవాతం లేనట్టేనా?

ప్రశ్న: నా వయసు 36. మూడు నెలలుగా రెండు చేతుల వేళ్ల కణుపులూ, మణికట్లూ నొప్పి. పొద్దున్నే పిడికిలి బిగించలేను. పది దాటాక కాస్త సర్దుకుంటుంది. కీళ్లవాతం కోసం చేసే రక్తపరీక్ష ఆర్‌ఏ ఫ్యాక్టర్ నెగెటివ్. మరో రక్తపరీక్ష ఏఎస్‌ఓ 300 ఉందని 21 రోజులకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ వేయించుకోమన్నారు. వేయించుకోనా?
- ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: ఏఎస్‌ఓ పెరిగిందంటే ఈమధ్య స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా సోకిందని మాత్రమే అర్థం. దాన్నిబట్టి కీళ్ల జబ్బు తేల్చలేం. పెన్సిలిన్ అవసరమయ్యే రుమాటిక్ జ్వరం ఎక్కువగా 5-15 ఏళ్ల పిల్లలకొస్తుంది. మోకాలు, చీలమండ లాంటి పెద్ద కీళ్లలో ఒకదాన్నుంచి మరోదానికి మారుతుంది. మీది ఆ తీరు కాదు. గుండె కవాటాల జబ్బు లేకపోతే ఆ ఇంజెక్షన్లతో మీకు పనిలేదు.

ముందు అనుమానించాల్సింది రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్‌ని, అంటే కీళ్లవాతాన్ని. ఈ జబ్బున్న నలుగురైదుగురిలో ఒకరికి ఆర్‌ఏ ఫ్యాక్టర్ నెగెటివ్‌గానే ఉంటుంది. హెపటైటిస్-సి, క్షయ ఉన్నవారికీ, ఏ జబ్బూ లేని కొందరు పెద్దవాళ్లకూ పాజిటివ్ రావచ్చు. రిపోర్టు కన్నా ముందు వేళ్లు చూడాలి.

కీళ్ల అరుగుదలైతే పొద్దుటి బిగుతు అరగంటలోపే సడలుతుంది, పని చేసేకొద్దీ నొప్పి పెరుగుతుంది. మీకు గంటల తరబడి ఉంటోంది. వేళ్ల మొదళ్లలోనూ, మధ్య కణుపుల్లోనూ వాపు నొక్కితే మెత్తగా తగులుతోందా? అరచేతిని వేళ్ల మొదళ్ల దగ్గర రెండు పక్కల నుంచీ నొక్కితే ప్రాణం పోతోందా? అయితే అనుమానం బలపడుతుంది. గోటి దగ్గరి కణుపులు వాచి, గోళ్లకు గుంటలు పడితే సోరియాసిస్ కీళ్లవాతం గురించి ఆలోచించాలి. నొప్పులు జ్వరంతో మొదలైతే చికున్‌గున్యా సంగతి చెప్పండి.

యాంటీ-సీసీపీ (రుమటాయిడ్‌ను పట్టించే యాంటీబాడీ పరీక్ష), ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ (ఒంట్లో వాపు తీవ్రతను చూపేవి), సీబీపీ (రక్తకణాల లెక్క) చేయించండి. చేతులు, పాదాల ఎక్స్‌రే కూడా తీయిస్తారు. తొలి నెలల్లో అది మామూలుగానే ఉండొచ్చు. అప్పుడు అల్ట్రాసౌండ్ అక్కరకొస్తుంది. 2010 నాటి అంతర్జాతీయ వర్గీకరణలో రుమటాయిడ్‌గా లెక్కించడానికి 10కి 6 మార్కులు చాలు. చిన్నవాటితో కలిపి పదికి మించి కీళ్లకు జబ్బు పాకితే 5, ఈఎస్‌ఆర్ లేదా సీఆర్‌పీ పెరిగితే 1, జబ్బు మొదలై ఆరు వారాలు నిండితే 1. అంటే యాంటీ-సీసీపీ కూడా నెగెటివ్ వచ్చినా 7 పడొచ్చు.

ఈలోగా స్టిరాయిడ్లు, పేరులేని పొడులు మొదలుపెట్టకండి. వాపు, సీఆర్‌పీ రెండూ దిగిపోయి జబ్బు దాక్కుంటుంది. ఇప్పటికే వారాలుగా వాడుతుంటే మాత్రం ఒక్కసారిగా ఆపకూడదు. నెలలు జారితే కీళ్లు వంకర్లు పోతాయి కాబట్టి త్వరగా రుమటాలజిస్టును (కీళ్లవాత నిపుణుణ్ని) కలవండి. హైదరాబాద్ నిమ్స్‌లోనూ ఆ విభాగం ఉంది. లేవగానే వాచిన వేళ్లను ఫోన్‌లో ఫొటో తీసుకుని వెళ్లండి. ఓపీలో మీ వంతు వచ్చేసరికి వాపు తగ్గిపోవచ్చు.